రెండు ఉద్యోగాల నడుమ ఉన్న మనిషి గురించి కూడా రాయండి

సంపాదక మహాశయా,

మీ పత్రిక ఉద్యోగ పుటలో వృత్తి మార్చుకున్నవారి గురించి వస్తున్న కథనాలను కొంతకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. అవి ఉపయోగకరమైనవే, రాస్తున్నవారి ఉద్దేశమూ మంచిదే. అయితే వాటన్నింటిలోనూ ఒక భాగం లోపిస్తోంది. మొదటి పేరాలో ఒక వ్యక్తి ఏళ్ల తరబడి చేసిన ఉద్యోగాన్ని వదిలేస్తారు. రెండో పేరాకల్లా కొత్త రంగంలో కుదురుకుని అక్కడి అనుభవాలు చెబుతుంటారు. ఆ రెంటి నడుమ గడిచిన నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు, "కొంత విరామం తర్వాత" అన్న మూడు మాటల్లో ముగిసిపోతాయి. ఆడిట్ రంగంలో చాలా ఏళ్లు పనిచేసి, ఆ పని మానుకుని, తర్వాతి పని ఏమిటో ఇంకా తేలని దశలో ఉన్న నాకు, తెలుసుకోవలసినదంతా ఆ మూడు మాటల వెనుకే ఉండిపోయిందనిపిస్తోంది. అందుకే ఈ లేఖ.

ఈ దశలో ఆదాయం ఆగిపోవడం చిన్న సమస్య కాదు. కానీ దానికి కాగితం మీద ఒక లెక్క వేసుకోవచ్చు, ఖర్చు తగ్గించుకోవచ్చు, ఎన్నాళ్లు నెట్టుకురాగలమో అంచనా కట్టవచ్చు. లెక్కకు అందనిది మరొకటి ఉంది. కొత్తవారు పరిచయమైనప్పుడు పేరు తర్వాత అడిగే మొదటి ప్రశ్న, బ్యాంకులోనో ఆసుపత్రిలోనో నింపే దరఖాస్తులో వయసు పక్కన ఉండే గడి, పిల్లల బడిలో ఇచ్చే తల్లిదండ్రుల వివరాల పత్రం, అన్నీ మనం ఏం పని చేస్తామనే అడుగుతాయి. ఉద్యోగం ఉన్నంతకాలం ఆ గడిని ఆలోచించకుండానే నింపేస్తాం. అది లేని రోజున పాత హోదా రాస్తే అబద్ధమాడినట్టు ఉంటుంది, ఏమీ రాయకపోతే మన గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదని ఒప్పుకున్నట్టు ఉంటుంది. ఇన్నేళ్లుగా నేను ఎవరినన్న ప్రశ్నకు నా సంస్థ, నా పదవి కలిసి సమాధానం చెబుతూ వచ్చాయనీ, ఆ ప్రశ్నను నేనెప్పుడూ విడిగా ఎదుర్కోలేదనీ అప్పుడు తెలిసివస్తుంది.

ఇది మనోబలం తక్కువైనవారికి మాత్రమే కలిగే బాధ అని కొందరు భావిస్తారు. ఆ అభిప్రాయం సరికాదని చూపే పరిశోధన తొంభై ఏళ్ల కిందటే జరిగింది. ఆస్ట్రియాలో వియన్నా సమీపంలోని మారియెంథాల్ అనే చిన్న ఊరు ఒక్క బట్టల మిల్లు మీదే ఆధారపడి బతికేది. ఆర్థిక మాంద్యం దెబ్బకు ఆ మిల్లు మూతపడింది. 1931-32 ప్రాంతంలో మేరీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ తమ బృందంతో ఆ ఊరికి వెళ్లి, పని పోయిన మనుషులు రోజులెలా గడుపుతున్నారో పరిశీలించారు. చేతినిండా తీరిక దొరికింది కాబట్టి జనం ఎక్కువగా చదువుతారని ఎవరైనా అనుకుంటారు. జరిగింది అందుకు విరుద్ధం. గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకునేందుకు రుసుము ఎత్తివేసినా, తీసుకెళ్లే పుస్తకాల సంఖ్య 1929తో పోలిస్తే 1931 నాటికి దాదాపు సగానికి పడిపోయింది. సంఘాల కార్యక్రమాలకు వచ్చేవారు తగ్గారు. నిరుద్యోగులకు తక్కువ ధరకే పత్రిక దొరుకుతున్నా, కార్మికుల దినపత్రికకు చందాదారులు తగ్గిపోయారు.

వీధిలో నడిచేవారిని కిటికీలోంచి గమనించి, ఎంత వేగంగా నడుస్తున్నారో, ఎన్నిసార్లు ఆగుతున్నారో కూడా ఆ పరిశోధకులు నమోదు చేశారు. మగవారు మాటిమాటికీ ఆగి నిలబడిపోయేవారు. ఇంటి పని, పిల్లల పని వేచి ఉన్న ఆడవారు వారికన్నా త్వరగా నడిచేవారు. రోజులో ఏ గంటకు ఏం చేశారో రాయమన్నప్పుడు, పొద్దున్నే చేసిన ఒకటి రెండు పనులు తప్ప మగవారికి గుర్తొచ్చేది ఉండేది కాదు. ఈలోగా మధ్యాహ్నమైందని మాత్రం ఒకరు రాశారు. ఆ ఊరి మనుషులు బద్ధకస్తులు కారు. మిల్లు నడిచినన్నాళ్లు కష్టపడి పనిచేసి, ఆ మిగిలిన కాస్త సమయంలోనే గ్రంథాలయాన్నీ సంఘాలనూ నడుపుకున్నవారు.

ఈ అనుభవాన్నే ఆధారం చేసుకుని యహోడా దశాబ్దాల తర్వాత ఒక వివరణ ఇచ్చారు. ఉద్యోగం జీతంతో పాటు మనకు తెలియకుండానే మరి కొన్నింటిని అందిస్తుందని ఆమె చెప్పారు. రోజుకు ఒక క్రమం ఏర్పడుతుంది, కుటుంబం వెలుపలి మనుషులతో సంబంధం నిలుస్తుంది, ఒక్కరి వల్ల కాని ఉమ్మడి లక్ష్యంలో భాగం దొరుకుతుంది, సమాజంలో ఒక స్థానం, గుర్తింపు లభిస్తాయి, ఏదో ఒకటి చేయక తప్పని నియమం ఉంటుంది. ఉద్యోగం పోయినప్పుడు ఇవన్నీ ఒకేసారి పోతాయి. పని పోగొట్టుకున్నవారి గురించి ఆమె చెప్పినది, ఇష్టపూర్వకంగా మానుకున్నవారికి కూడా చాలావరకు వర్తిస్తుందని నా అనుభవంతో గట్టిగా చెప్పగలను. రాజీనామా పత్రం మీద సంతకం చేసినది మనమే అయినంత మాత్రాన సోమవారం ఉదయానికి ఉండే ఆకారం నిలిచిపోదు. పైగా మనమే కోరి తెచ్చుకున్న స్థితి కాబట్టి దాని గురించి బాధపడే హక్కు కూడా లేదేమో అన్న సంకోచం అదనంగా వచ్చి చేరుతుంది.

గణాంకాల్లో సైతం ఈ మనిషికి సరైన చోటు లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణాల ప్రకారం ఒకరిని నిరుద్యోగిగా లెక్కించాలంటే చేతిలో పని ఉండకూడదు, పని దొరికితే చేరడానికి సిద్ధంగా ఉండాలి, పని కోసం ప్రయత్నిస్తూ ఉండాలి. తాను ఏ పనికి తగినవారో తేల్చుకునేందుకు ఆగినవారు, కొత్త విద్య నేర్చుకుంటూ ఇంకా దరఖాస్తులు పెట్టనివారు ఈ మూడో నిబంధన దగ్గర జారిపోయి శ్రామిక శక్తికి వెలుపల ఉన్నవారి జాబితాలో చేరతారు. లెక్కలు తీసేవారి అవసరాలు వేరు కాబట్టి నేను తప్పు పట్టడం లేదు. కానీ ఎంతో శ్రమపడి తమను తాము మలచుకుంటున్న మనుషులు అసలు శ్రమకే వెలుపల ఉన్నట్టు నమోదు కావడం ఆలోచించవలసిన విషయం.

ఇక సలహాల సంగతి. ఈ దశలో ఉన్నవారికి అందరూ చెప్పే మాట ఒకటే: ముందు నీకు నిజంగా ఏది ఇష్టమో తెలుసుకో, తర్వాత అడుగు వెయ్యి. మీ పుటలోని కథనాలు కూడా చాలావరకు ఈ మాటతోనే ముగుస్తాయి. వినడానికి సబబుగానే ఉంటుంది గానీ, ఇది చాలామందిని కదలనివ్వకుండా కూర్చోబెట్టే సలహా. మనిషి లోపల ఎక్కడో స్థిరమైన, సిద్ధంగా ఉన్న నిజరూపం ఒకటి ఉందనీ, మౌనంగా కూర్చుని తవ్వితే అది బయటపడుతుందనీ ఈ సలహా ముందే అనుకుంటుంది. వృత్తి మార్పులను అధ్యయనం చేసిన హెర్మీనియా ఇబార్రా అనే ఆచార్యురాలు 2003లో ఇందుకు భిన్నమైన నిర్ణయాన్ని ప్రకటించారు. తాము ఎవరో ముందుగా తేల్చుకుని ఆ తర్వాత మారినవారు ఆమెకు పెద్దగా కనబడలేదు. చిన్న చిన్న పనులు చేసి చూసి, కొత్త మనుషుల మధ్య తిరిగి, జరిగినదాన్ని తమ కథగా చెప్పుకోవడం నేర్చుకుంటూ, ఆ క్రమంలోనే తాము ఎవరో తెలుసుకున్నవారే కనబడ్డారు. వారి విషయంలో పని ముందు నడిచింది, తెలివిడి దాని వెంట వచ్చింది.

దీనికి పునాది లాంటి ఆలోచన అంతకుముందే, 1986లో, హేజెల్ మార్కస్, పౌలా నూరియస్ అనే మనస్తత్వవేత్తల వ్యాసంలో ఉంది. మనిషికి ప్రస్తుతం తానెవరన్న ఊహతో పాటు తాను కాగలిగిన, కావాలనుకునే, కాకూడదని భయపడే పలు రూపాలు మనసులో ఉంటాయని వారు ప్రతిపాదించారు. రెండు వృత్తుల నడుమ ఉన్న మనిషిలో ఈ రూపాలన్నీ ఒకేసారి మేల్కొంటాయి. పొద్దున ఉపాధ్యాయ వృత్తి తగినదనిపిస్తుంది, సాయంత్రానికి సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలనిపిస్తుంది, రాత్రి పడుకునే ముందు పాత ఉద్యోగానికే తిరిగి వెళ్లి అడగాలనిపిస్తుంది. చుట్టూ ఉన్నవారు దీన్ని నిలకడలేనితనంగా చూస్తారు. అది నిలకడలేనితనం కాదనీ, ఈ దశలో జరగవలసిన పనే అదనీ నా నమ్మకం. ఆ రూపాల్లో ఒక్కొక్కదాన్నీ కొద్దికాలం పాటు, చిన్న మోతాదులో, నిజమైన మనుషుల మధ్య ఆచరించి చూస్తే తప్ప ఏది నిలుస్తుందో తెలియదు. వారానికి రెండు పూటలు పిల్లలకు లెక్కలు చెప్పి చూడడానికీ, ఉపాధ్యాయ వృత్తి గురించి నెలల తరబడి ఊహించుకోవడానికీ ఎంతో తేడా ఉంది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఇబార్రా పరిశీలించినవారు ఉన్నత విద్య, మంచి పదవి, ఎంతో కొంత వెనకేసుకున్న డబ్బు ఉన్నవారు. ఇల్లు గడవడానికి దొరికిన పనిలో రేపే చేరక తప్పనివారికి ప్రయోగాలు చేస్తూ కూర్చోమని చెప్పడం న్యాయం కాదు. అయితే అలాంటివారికి కూడా, దొరికిన పనిలో చేరడమంటే తానెవరో శాశ్వతంగా నిర్ణయించుకోవడమేనన్న భయం ఉండనవసరం లేదు. పూట గడవడానికి చేసే పనిని ఆ పనిగానే చూసి, మిగిలిన అన్వేషణను తీరిక వేళల్లో కొనసాగించినవారు ఎందరో ఉన్నారు. వారి కథలు ఎక్కడా అచ్చుకావు.

కొత్తదాన్ని వెతకడం గురించి ఇంత మాట్లాడుతున్నా, పాతదాన్ని ఏం చేయాలన్న ప్రశ్నను దాదాపు ఎవరూ పట్టించుకోరు. నా దృష్టిలో కష్టమంతా అక్కడే ఉంది. హెలెన్ రోజ్ ఫుక్స్ ఎబా అనే సామాజిక శాస్త్రవేత్త తాను స్వయంగా సన్యాసినిగా ఉండి ఆ జీవితాన్ని వదిలి వచ్చారు. ముఖ్యమైన ఏదో ఒక పాత్రనుంచి బయటికి వచ్చిన 185 మందితో మాట్లాడి 1988లో ఆమె ఫలితాలు వెలువరించారు. వారిలో వైద్యవృత్తి మానుకున్నవారు, పోలీసు ఉద్యోగం వదిలినవారు, విడాకులు తీసుకున్నవారు ఉన్నారు. మాజీ అనిపించుకోవడం కూడా ఒక పాత్రేనని ఆమె పరిశీలనలో ముఖ్యాంశం. ఎన్నడూ వైద్యుడు కాని మనిషీ, వైద్యం మానేసిన మనిషీ ఒకటి కారు. రెండోవారిలో పాత పాత్ర తాలూకు అవశేషం మిగిలే ఉంటుంది, చుట్టూ ఉన్నవారు కూడా ఆ పాత పేరుతోనే వారిని చూస్తుంటారు.

నా విషయంలో ఇది రోజూ కనిపిస్తుంది. ఎవరి చేతిలో ఖర్చుల పట్టిక చూసినా నా చూపు ముందుగా అడుగున ఉన్న మొత్తం మీదికి పోతుంది, తర్వాత అది ఎలా వచ్చిందో సరిచూడాలనిపిస్తుంది. మొదట్లో ఈ అలవాటును వదిలించుకోవాలనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. సంస్థ ఇచ్చిన హోదాను సంస్థకే అప్పగించి వచ్చాను. చెప్పినదాన్ని ఆధారంతో పోల్చి చూసే గుణం మాత్రం ఎవరూ ఇచ్చినది కాదు, తిరిగి అప్పగించవలసినదీ కాదు. ఈ రెంటినీ విడదీసుకోవడానికి పట్టే కాలమే బయటివారికి ఖాళీ సమయంగా కనిపిస్తుంది.

ఈ విడదీసుకునే పనికి రాయడం బాగా తోడ్పడుతుంది. అమెరికాలో ఒక సంస్థనుంచి ఒక్కసారిగా తొలగింపునకు గురైన నిపుణులతో జేమ్స్ పెన్నెబేకర్, మరో ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగం 1994లో ప్రచురితమైంది. ఉద్యోగం పోయినందుకు తమలో రేగిన ఆలోచనలను, ఆగ్రహాన్ని, అవమానాన్ని కొద్ది రోజులపాటు దాచుకోకుండా కాగితం మీద పెట్టినవారికి, కేవలం దినచర్య గురించీ ప్రణాళికల గురించీ రాసినవారికన్నా, అసలు ఏమీ రాయనివారికన్నా త్వరగా కొత్త ఉద్యోగాలు దొరికాయి. వారేమీ మిగతావారికన్నా ఎక్కువ దరఖాస్తులు పెట్టలేదు. లోపలి కోపం కొంత తీరాక ఎదుటివారితో మాట్లాడే తీరే మారి ఉంటుందని నేను అర్థం చేసుకున్నాను.

మనుషుల విషయానికి వస్తే, మన బాగు కోరే దగ్గరివారే ఈ దశలో ఒక్కోసారి మనకు అడ్డమవుతారు. ఇది వారి ప్రేమలో లోపం కాదు. వారికి తెలిసినది పాత మనిషి. ఆ మనిషి భద్రంగా తిరిగి రావాలని వారు కోరుకుంటారు, ఆ కోరికతోనే పాత రంగంలోని ఖాళీల సమాచారం పంపుతుంటారు. మార్క్ గ్రనొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ప్రచురించిన వ్యాసం ఇక్కడ గుర్తుకొస్తుంది. తెలిసినవారి ద్వారా ఉద్యోగం సంపాదించుకున్నవారిని, ఆ తెలిసిన మనిషిని ఎంత తరచుగా కలిసేవారని అడిగితే, తరచుగా కలిసేవాళ్లమన్నవారు 16.7 శాతం, అప్పుడప్పుడూ అన్నవారు 55.6 శాతం, ఎప్పుడో ఒకసారి అన్నవారు 27.8 శాతం. ముఖపరిచయం ఉన్నవారు మనం తిరగని చోట్ల తిరుగుతారు కాబట్టి మనకు తెలియని సంగతులు వారికి తెలుస్తాయన్నది ఆయన వివరణ. దీనికి నేనొకటి చేరుస్తాను. ముఖపరిచయస్తులకు మన పాత రూపం మీద మమకారం ఉండదు. వారితో మాట్లాడేటప్పుడు నేను ఇది నేర్చుకుంటున్నాను, ఈ పని చేసి చూస్తున్నాను అని తడబడకుండా చెప్పగలుగుతాం. పదిమందికి పది రకాలుగా చెప్పగా చెప్పగా అందులో ఒకటి నిజమై మన నోట నిలుస్తుంది.

ఇంతకీ ఈ మధ్య దశను మనుషులు ఇప్పుడే కొత్తగా కనిపెట్టలేదు. ఒక స్థితినుంచి మరో స్థితికి మారే సందర్భాల్లో వివిధ సమాజాలు జరిపే క్రతువులను పోల్చి చూసిన ఆర్నల్డ్ వాన్ గెనెప్, వాటిలో విడివడడం, నడుమ ఉండడం, తిరిగి కలవడం అనే మూడు అంచెలున్నాయని 1909లో గుర్తించారు. 1960లలో విక్టర్ టర్నర్ ఆ నడిమి అంచెనే ప్రత్యేకంగా పరిశీలించి, అక్కడ ఉన్నవారికి పాత హోదా ఉండదు, కొత్త హోదా ఇంకా రాదు, కానీ తమవంటి స్థితిలోనే ఉన్న ఇతరులతో గాఢమైన సహచర్యం ఏర్పడుతుందని రాశారు. సాహిత్య ఆచార్యుడిగా చేసిన ఉద్యోగాన్ని వదిలి వచ్చిన విలియమ్ బ్రిడ్జెస్, వృత్తి మార్పుల వంటి ఆధునిక మలుపుల్లో కూడా ఒక ముగింపు, ఒక శూన్యమైన నడిమి కాలం, ఆ తర్వాతే ఒక ఆరంభం ఉంటాయని 1980లో వివరించారు. పాత సమాజాల్లో ఆ నడిమి కాలానికి ఒక గడువు ఉండేది, దారి చూపే పెద్దలుండేవారు, తోడుగా అదే దశలో ఉన్న మరి కొందరుండేవారు. ఇప్పుడు ఉద్యోగం మానుకున్న మనిషికి గడువు తెలియదు, పెద్దలు లేరు, తోడు లేదు; ఎవరికి వారు గదిలో కూర్చుని రెజ్యూమెలోని ఖాళీ సంవత్సరాన్ని ఎలా కప్పిపుచ్చాలా అని ఆలోచిస్తుంటారు.

ఉద్యోగాలిచ్చేవారు ఈ విషయంలో కొంత మారారని ఒప్పుకోవాలి. ఉద్యోగ పరిచయాలకు వాడే వెబ్‌సైట్ లింక్డ్‌ఇన్ 2022లో వృత్తి విరామాన్ని కూడా అనుభవాల జాబితాలో చేర్చుకునే వీలు కల్పించింది. కానీ ఇంటర్వ్యూ గదిలో ప్రశ్న ఇంకా పాత ధోరణిలోనే ఉంటోంది. ఎందుకు ఆగిపోయారని అడుగుతారు గానీ, ఆగిన కాలంలో ఏం తెలుసుకున్నారని అడిగేవారు అరుదు. మొదటి ప్రశ్నకు సంజాయిషీ ఇవ్వాలి, రెండోదానికి సమాధానం చెప్పవచ్చు. పిల్లల పెంపకం కోసమో, ఇంట్లో జబ్బుపడినవారి కోసమో ఉద్యోగం మానుకుని తిరిగి వస్తున్నవారికి ఈ తేడా ఇంకా ఎక్కువగా తెలుస్తుంది; వారు ఆ సంవత్సరాల్లో మోసిన బాధ్యత చాలా పదవుల్లో ఉండే బాధ్యతకన్నా పెద్దది.

ఈ కారణాలన్నింటి వల్ల మీకు రెండు విన్నపాలు చేస్తున్నాను. విజయం సాధించినవారిని ఇంటర్వ్యూ చేసేటప్పుడు మీ విలేకరులు ఆ నడిమి నెలల గురించి ప్రత్యేకంగా అడగాలి: ఏ పనులు చేసి చూసి వదిలేశారు, ఇంట్లోవారికి ఏం చెప్పారు, దరఖాస్తుల్లో ఆ గడిని ఎలా నింపారు, డబ్బు ఎలా సర్దుకున్నారు, మనసు మార్చుకుని పాత పనికే తిరిగి వెళ్లాలని ఎప్పుడనిపించింది. అలాగే ఉద్యోగ పుటలో పరీక్షలు, కోర్సుల గురించిన సందేహాలకు నిపుణులు జవాబులిచ్చే శీర్షిక ఉంది కాబట్టి, అందులో నెలకు ఒక్కసారైనా సగం పుటను ఇంకా ఏ తీరమూ చేరనివారి ఉత్తరాలకు కేటాయించండి. పేరు అచ్చువేయనవసరం లేదు, పాత హోదా అసలే అవసరం లేదు. ప్రస్తుతం ఏం ప్రయత్నిస్తున్నారో రాయమంటే చాలు. అటువంటి ఉత్తరం రాయడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఇతరులు రాసినవి చదవడానికి అంతకన్నా ఆత్రంగా ఉన్నాను.

భవదీయ,
మీ పాఠకురాలు